ఆల్టో లాంటి చిన్న కారులో గేర్ సైకిల్: లోపల పెట్టాలా, వెనక తగిలించాలా, పైన బిగించాలా?

అన్నా, మీ ప్రశ్నను ఒకసారి ఇక్కడ పెడుతున్నాను, తర్వాత చదివేవాళ్లకు తెలియాలి కదా. ఇల్లు నల్గొండ. కారు ఆల్టో కె10. సైకిల్ 27.5 అంగుళాల చక్రాలు, డిస్క్ బ్రేకులు ఉన్న గేర్ సైకిల్, బరువు 14 కిలోల దాకా. ఎక్కువగా మీరొక్కరే హాలియా మీదుగా సాగర్‌కో, దేవరకొండ దాటి అచ్చంపేట, మన్ననూరు వైపో పోతారు. అప్పుడప్పుడు ఒక దోస్తు తన సైకిల్‌తో తోడొస్తాడు. పైన బిగించే క్యారియర్ కొనాలా, వెనక బెల్టులతో తగిలించేది కొనాలా అన్నది మీ సందేహం.

మీరొక్కరే పోయే రోజు కోసం ఏదీ కొనకండి. ముందు చక్రం విప్పి సైకిల్‌ను కారు లోపలే పెట్టండి. ఇద్దరు మనుషులు, రెండు సైకిళ్లు అయిన రోజుకు మాత్రం వెనక తగిలించే బెల్టు ర్యాక్ తీసుకోండి. అప్పుడు కూడా ముందు చక్రాలు విప్పాకే తగిలించాలి. పైన బిగించే ర్యాక్ గురించి ఈ రెండూ కుదరకపోతేనే ఆలోచించండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు ర్యాక్ కొంటారు, తర్వాత అది తమ కారుకు ఎందుకు నప్పడం లేదో వెతుక్కుంటారు.

మొదట కొలతలు చూద్దాం. 27.5 చక్రం టైరుతో కలిపి దాదాపు 70 సెంటీమీటర్ల వ్యాసం ఉంటుంది. రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం మీ సైజు సైకిల్‌కు 107 నుంచి 112 సెంటీమీటర్లు. అంటే ముందు టైరు కొస నుంచి వెనక టైరు కొస దాకా మొత్తం 180 సెంటీమీటర్లు. ఆల్టో కె10 వెడల్పు 149 సెంటీమీటర్లు. సైకిల్‌ను విప్పకుండా కారు వెనక అడ్డంగా తగిలిస్తే ఒక్కో పక్కన 15 సెంటీమీటర్లు, అంటే సుమారు అర అడుగు, బయటికి పొడుచుకొస్తుంది. ముందు చక్రం తీసేస్తే ఫోర్క్ (ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే కడ్డీలు) కొస నుంచి వెనక టైరు దాకా 142 నుంచి 147 మిగులుతుంది, కారు వెడల్పులో సరిగ్గా ఇముడుతుంది. వ్యాగన్ఆర్ 162, టియాగో దాదాపు 168, స్విఫ్ట్ 173.5 సెంటీమీటర్ల వెడల్పు కాబట్టి వాటికీ మొత్తం సైకిల్ కొంత బయటికే వస్తుంది. మీ సైకిల్‌ను మీ టేపుతో కొలిచి ఈ అంకెలు సరిచూసుకోండి. ఫ్రేమ్ సైజు మారితే నాలుగైదు సెంటీమీటర్లు అటూ ఇటూ అవుతుంది, ఆల్టో దగ్గర ఆ నాలుగైదు సెంటీమీటర్లే లెక్క.

పక్కకు పొడుచుకురావడాన్ని చిన్న విషయం అనుకోవద్దు. యాసంగి కోతల్లో, వానకాలం కోతల్లో మన రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి ఉంటాయి. ఎదురుగా గడ్డి కట్టలతో ట్రాక్టర్ వస్తుంది. కారు దూరే సందులో కారే దూరుతుంది, దాని వెనక అర అడుగు బయటికొచ్చిన చక్రం దూరదు. చట్టం కూడా గట్టిగానే ఉంది. లోడు బండి బాడీ దాటి పక్కలకు వస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194(1ఎ) కింద జరిమానా 20,000 రూపాయలు. 2019 సవరణతో వచ్చిన నిబంధన ఇది.

ఇప్పుడు లోపల పెట్టడం. వెనక సీటు మడిచి, ఎడమ పక్క ముందు సీటును పూర్తిగా ముందుకు జరిపి, దాని వీపు వెనక నుంచి డిక్కీ తలుపు గడియ దాకా కొలవండి. తిన్నగా 145 రాకపోతే ఒక మూల నుంచి ఇంకో మూలకు ఏటవాలుగా కొలవండి. అదీ చాలకపోతే వెనక చక్రం కూడా విప్పాలి. అప్పుడు ఫ్రేమ్ పొడవు 115 లోపుకు దిగుతుంది, ఏ చిన్న కారులోనైనా పడుతుంది. ఆల్టో డిక్కీ 214 లీటర్లే, కాబట్టి సీటు మడవకుండా ఈ పని జరగదు. సీటు మొత్తం ఒకే పలకగా పడుకునే కారులో వెనక ఎవరినీ కూర్చోబెట్టలేరు. 60:40గా మడిచే సీటున్న కారైతే చిన్న భాగంలో ఒకరికి చోటు దక్కవచ్చు.

ముందు చక్రం విప్పే ముందు గేర్ సంగతి. వెనక చక్రాన్ని విప్పకుండా పెట్టేటట్టయితే చైనును వెనక అన్నిటికన్నా పెద్ద పళ్ల చక్రం మీదికి తెచ్చుకోండి. డీరైలర్ (చైనును ఒక పళ్ల చక్రం మీది నుంచి ఇంకోదాని మీదికి మార్చే భాగం) లోపలికి, చక్రం వైపుకు జరిగి ఉంటుంది, పక్క నుంచి దెబ్బ తగలదు. వెనక చక్రం కూడా విప్పే పనైతే అన్నిటికన్నా చిన్న పళ్ల చక్రం మీదికి తేవాలి, అప్పుడే చైను వదులై చక్రం తేలిగ్గా జారుతుంది.

ముందు చక్రానికి క్విక్ రిలీజ్ లివర్ (పానా లేకుండా చేత్తోనే తెరిచేది) ఉంటే దాన్ని తెరిచినంత మాత్రాన చక్రం ఊడదు. ఫోర్క్ కొసల్లో చక్రం జారిపోకుండా చిన్న అంచులు ఉంటాయి. అవతలి వైపు నట్టును నాలుగైదు చుట్లు వదులు చేస్తేనే దిగుతుంది. రెండు పక్కలా చిన్న స్ప్రింగులు ఉంటాయి, వాటి సన్నటి కొస చక్రం వైపుకు ఉండాలి. తిప్పి పెడితే చక్రం సరిగా కూర్చోదు. లివర్ లేకుండా మామూలు నట్లుంటే ఎక్కువగా 15 నంబరు పానా పడుతుంది, ఒకటి కారులోనే ఉంచుకోండి.

చక్రం తీశాక బ్రేక్ ప్యాడ్ల మధ్య దాదాపు 2 మిల్లీమీటర్ల మందం ఉన్న దేన్నైనా పెట్టండి. గట్టి అట్టముక్క మడిచి పెట్టినా చాలు. డిస్క్ లేని ఖాళీలో పొరపాటున బ్రేక్ లివర్ నొక్కితే, హైడ్రాలిక్ బ్రేకులైతే (తీగతో కాక గొట్టంలోని ద్రవంతో పనిచేసేవి) ప్యాడ్లు ముందుకొచ్చి అతుక్కుంటాయి, తర్వాత డిస్క్ లోపలికి దూరదు. అట్లా అయితే స్క్రూడ్రైవర్‌తో పొడవకండి. టైరు ఊడదీయడానికి వాడే శుభ్రమైన ప్లాస్టిక్ టైర్ లివర్‌ను మధ్యలో పెట్టి మెల్లగా వెడల్పు చేయండి. డిస్క్ ముఖాన్ని వేళ్లతో పట్టుకోవద్దు. చేతి జిడ్డు, చైను నూనె అంటితే బ్రేక్ కీచుమంటుంది, పట్టు తగ్గుతుంది.

సైకిల్ సీటును కిందికి దించే ముందు సీటు గొట్టం చుట్టూ ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు వేయండి, మళ్లీ అదే ఎత్తుకు తెచ్చుకోవచ్చు. హ్యాండిల్ 70 సెంటీమీటర్ల పైన ఉంటుంది కాబట్టి ఫ్రేమ్‌కు సమాంతరంగా తిప్పుకోవాలి. సైకిల్‌ను పడుకోబెట్టినప్పుడు ఎడమ పెడల్ కిందికి వచ్చి కారు సీటులోకి గుచ్చుకుంటుంది. వీలైతే విప్పేయండి. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. ఈ సంగతి మరిచి బలం పెట్టి బిగించి, చివరికి క్రాంక్ (పెడల్ బిగించి ఉండే చెయ్యి) మర చెడగొట్టుకునేవాళ్లు ఉన్నారు.

ఇక పడుకోబెట్టడం. చైను వైపు పైకి ఉండాలి, లేకపోతే డీరైలర్ మీద మొత్తం బరువు పడి దాన్ని పట్టి ఉంచే కొక్కెం వంగుతుంది. అది మూడు నాలుగు మిల్లీమీటర్లు వంగినా చాలు, గేర్లు వాటంతట అవే దూకుతాయి. కానీ చైను పైకి పెడితే డిస్క్ ఉండే ఎడమ వైపు కిందికి వస్తుంది. అందుకని వెనక ఇరుసుకు ఇటూ అటూ బొంతను నాలుగు మడతలు వేసి ఎత్తు పెట్టండి. బరువు టైరు మీదా ఫ్రేమ్ మీదా ఆనాలి, డిస్క్ కింద వేలు దూరేంత ఖాళీ ఉండాలి. విప్పిన ముందు చక్రానికి విడిగా సంచి, అందులో డిస్క్ పైకి చూసేటట్టు పెట్టుకోండి.

మడిచిన సీటు వీపు చదునుగా ఉండదు, సైకిల్ వెనక్కి జారి హ్యాండిల్ కొస డిక్కీ అద్దానికి ఆనుకుంటుంది. తలుపును మొదటిసారి విసిరి వేయకండి, చేత్తో పట్టి మెల్లగా దించి, అద్దానికీ దేనికైనా మధ్య నాలుగు వేళ్ల సందు ఉందో లేదో చూడండి. తర్వాత సైకిల్‌ను కట్టాలి. ఇది చాలామంది వదిలేసే పని. 14 కిలోల ఇనుము వెనక వదులుగా ఉంటే, గేదె అడ్డొచ్చి గట్టిగా బ్రేక్ వేసినప్పుడు మీ సీటు వీపు మీదికి వస్తుంది. వెనక సీటు బెల్టు అందితే ఫ్రేమ్ లోంచి తీసి బకిల్‌లో పెట్టండి. అందకపోతే, చైల్డ్ సీటు కోసం సీటు మూలలో ఉండే ఐసోఫిక్స్ కొక్కేలు మీ కారులో ఉంటే వాటికి నవారుతో రెండు చోట్ల కట్టండి. సాగే లగేజీ రబ్బరు ఇక్కడ పనికిరాదు, ఆపాల్సిన సమయంలో సాగిపోతుంది.

కారు లోపల మట్టి అవుతుందని భయపడేవాళ్లకు ఒక్క మాట. చల్క నేలల ఎర్రమట్టి ఆరాక బ్రష్‌తో రాలిపోతుంది, నల్లరేగడి మాత్రం తడిగా ఉండగానే గడ్డిపోచతో గీకేయాలి. టైర్లలో తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు ఇరుక్కుని ఉంటాయి, లోపల పెట్టే ముందు చూసి తీయండి, లేకుంటే సీటు గుడ్డలోకి పోతాయి. చైనుకు పాత ప్యాంటు కాలు తొడిగితే నూనె మరక ఉండదు. ఇంకొకటి, మే నెలలో సాగర్ దగ్గర కారు ఎండలో పెట్టి పోతే లోపలి వేడికి టైర్లలో గాలి పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 100 పీఎస్ఐ కొట్టిన సన్నటి రోడ్ టైరు 65 డిగ్రీలకు 115 దాకా పోతుంది. మీ లావు టైరుకు 40 ఉంటే 47 దగ్గర ఆగుతుంది కాబట్టి మీకు ఇబ్బంది లేదు, దోస్తుది రోడ్ సైకిల్ అయితే పెట్టే ముందు కొంచెం గాలి తీయమనండి.

దిగాక చక్రం బిగించేటప్పుడు సైకిల్‌ను నేల మీద నిలబెట్టి, హ్యాండిల్ మీద బరువు వేసి ఇరుసు ఫోర్క్ కొసల్లోకి పూర్తిగా కూర్చున్నాకే లివర్ వేయండి. లివర్ ఇరుసుకు తిన్నగా వచ్చినప్పటి నుంచి బిగువు తెలియాలి, పూర్తిగా మూసేసరికి అరచేతిలో అచ్చు పడాలి. అంతకన్నా వదులైతే మళ్లీ తెరిచి నట్టు అర చుట్టు బిగించండి. ముందు భాగం ఎత్తి చక్రాన్ని పై నుంచి పిడికిలితో ఒకటి కొట్టండి, కదలకూడదు. పడుకోబెట్టిన హైడ్రాలిక్ బ్రేక్ ఒక్కోసారి మెత్తబడుతుంది. ఎక్కే ముందు బ్రేక్ లివర్‌ను నాలుగైదుసార్లు నొక్కి గట్టిపడిందో లేదో చూడండి. గట్టిపడకపోతే ఆ రోజు ఘాట్ దిగవద్దు.

దోస్తు వచ్చిన రోజు. ఆల్టోలో రెండు ఫ్రేముల నాలుగు చక్రాలూ విప్పి ఒకదాని మీద ఒకటి, మధ్యలో బొంత వేసి సర్దవచ్చు గానీ ప్రతిసారీ విప్పి బిగించడానికే పొద్దెక్కుతుంది. వెనక బెల్టు ర్యాక్ పనికొచ్చేది ఇక్కడే.

ఈ ర్యాక్‌కు సాధారణంగా ఆరు బెల్టులు ఉంటాయి: పైన రెండు, కింద రెండు, పక్కలకు రెండు. ఒక్కో బెల్టు కొసన రబ్బరు పూసిన కొక్కెం. ఆ కొక్కేలు డిక్కీ తలుపు ఇనుప అంచుకే పట్టాలి. పైన నల్లటి ప్లాస్టిక్ స్పాయిలర్ ఉంటే దానికి తగిలించకూడదు, కింద బంపర్‌కు తగిలించకూడదు, రెండూ పగులుతాయి. ర్యాక్ కాళ్లు అద్దం మీద ఆనకూడదు, వైపర్ మీద ఆనకూడదు. రెండు సైకిళ్లు 28 కిలోలు, ర్యాక్ నాలుగైదు కిలోలు, మొత్తం 33 కిలోలు తలుపు మీద వేలాడతాయి. రంగు వేయని స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరితే ఆ క్షణానికి పడే బరువు దానికి రెట్టింపు దాటుతుంది. ర్యాక్ మీద రాసి ఉన్న పరిమితి ఇంతకు సరిగ్గా సమానంగా కాదు, ఎక్కువగా ఉండాలి.

బిగించే వరస ఇది. ముందు కాళ్లు ఆనే చోటునూ, కాళ్ల రబ్బరునూ తడిగుడ్డతో తుడవండి. మధ్యలో చిక్కిన దుమ్ము గరుకు కాగితంలాగా రంగును గీకుతుంది. తర్వాత పై బెల్టులు, ఆ తర్వాత కింది బెల్టులు, చివరికి పక్కవి. అన్నీ కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించాలి. ఒకే బెల్టును ఒక్కసారి లాగితే ర్యాక్ ఆ పక్కకు వాలుతుంది. ర్యాక్ పట్టుకుని ఊపితే కారంతా ఊగాలి, ర్యాక్ ఒక్కటే ఊగకూడదు. మిగిలిన బెల్టు కొసలు చుట్టి ముడేయండి, గాలికి కొట్టుకుంటూ పోతే సాగర్ చేరేసరికి రంగు మీద మచ్చ పడుతుంది.

సైకిళ్లలో బరువైనది కారు వైపు, తేలికైనది బయటికి. రెండూ ఎదురెదురు దిక్కులకు ఉండాలి, అప్పుడు హ్యాండిళ్లు ఒకదానికొకటి తగలవు. లోపలి సైకిల్ పెడల్ తలుపు రేకుకు తగలకుండా క్రాంక్ తిప్పి చైను పక్కన ఉండే ఫ్రేమ్ కడ్డీకి నవారుతో కట్టండి. రెండు ఫ్రేముల మధ్య పాత ట్యూబు ముక్కలు చుట్టండి. టైరు సైలెన్సర్ గొట్టం ఎదురుగా రాకుండా చూడటం చాలా ముఖ్యం, వేడి పొగకు రబ్బరు మెత్తబడి టైరు పాడవుతుంది. అన్నిటికన్నా కింద ఉన్న భాగం బంపర్ అడుగుకన్నా ఎత్తులో ఉండాలి, లేకపోతే స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు నేలకు రాసుకుంటుంది.

తగిలించాక పది అడుగులు వెనక్కి వెళ్లి నిలబడండి. నంబర్ ప్లేటు చదవగలగాలి. బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు రెండు పక్కలా కనపడాలి. ప్లేటు కనపడాల్సిన తీరు 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 50, 51లో ఉంది. హైసెక్యూరిటీ ప్లేటు స్నాప్ లాక్‌తో బిగించి ఉంటుంది, దాన్ని విప్పి సైకిల్‌కు కట్టుకునే దారి లేదు. స్టిక్కర్ షాపులో ఇంకో ప్లేటు రాయించి తగిలించినా అది అసలు ప్లేటుకు బదులు కాదు. ముందు చక్రాలు విప్పితే ఇక్కడ కూడా లాభమే, ఒక పక్క దీపం పూర్తిగా తెరుచుకుంటుంది. ప్లేటు ఎట్లా చేసినా కప్పుకుపోతుంటే ఆ ర్యాక్ మీ కారుకు కాదు, ఎత్తు ఎక్కువగా పట్టే మోడల్ చూడండి.

బయలుదేరాక పది కిలోమీటర్ల దగ్గర ఆపి బెల్టులు చూడండి, మొదటి కుదుపులకు కచ్చితంగా కొంత వదులవుతాయి. తర్వాత ఆగిన ప్రతిచోటా ఒకసారి లాగి చూడండి. బెల్టు అంచులు నూలు లేచినా, ఎండకు వెలిసి గట్టిపడినా మార్చేయాలి, కుట్టించి వాడకూడదు. హైవే మీద 80 దాటకండి. గాలి తోసే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది, 80 నుంచి 100కు పోతే ఒకటిన్నర రెట్లకు పైనే. వెనక సైకిళ్లున్నప్పుడు డిక్కీ తెరవలేరు కాబట్టి నీళ్లు, పంపు, పానాలు వెనక సీటులో పెట్టుకోండి. టీ కోసం ఆగితే కనపడేంత దగ్గరలో ఆపండి, బెల్టును బ్లేడుతో కోయడం నిమిషం పని. మన్ననూరు దాటాక అడవిలో ఆగితే కోతులు సీటు రెక్జిన్‌ను, గ్రిప్ రబ్బరును పీకుతాయి, అక్కడ కారు పక్కనే మనిషి ఉండాలి.

పైన బిగించే ర్యాక్ గురించి తక్కువే చెబుతాను. ఆల్టోకు పైన పట్టాలు లేవు, తలుపు చట్రానికి పట్టే క్లాంపులతో అడ్డ కడ్డీలు వేయాలి, అవి మీ మోడల్‌కే చేసినవై ఉండాలి. పైకప్పు ఎంత బరువు మోస్తుందో కారు మాన్యువల్‌లో చూడండి. అందులోంచి కడ్డీలు, సైకిల్ ట్రే బరువు తీసేసి మిగిలిందే సైకిల్‌కు. అసలు చిక్కు ఎత్తుతో. కారు 152 సెంటీమీటర్లు, కడ్డీలతో 160 పైన, సైకిల్ నిలబెడితే దాదాపు 270. హైదరాబాద్‌లో మాల్ సెల్లార్లు చాలావరకు 210, 220 దగ్గరే ఉంటాయి. మన ఊళ్లలో చింత కొమ్మలు, ఇంటి ముందరి సజ్జ, రైలు పట్టాల కింది దారులు ఉన్నాయి. అలసిపోయి ఇంటికొచ్చి, పైన సైకిల్ ఉన్న సంగతి మరిచి పోర్టికోలోకి తోలడమే ఈ ర్యాక్‌లకు జరిగే మామూలు ప్రమాదం. అప్పుడు సైకిల్ ఒక్కటే కాదు, కారు పైకప్పు కూడా సొట్టపోతుంది. ఎవరైనా పెట్టుకుంటే మొత్తం ఎత్తును అంకెల్లో రాసి స్టీరింగ్ ముందు అతికించుకోవాలి.

గాలి పీల్చి అతుక్కునే కప్పుల ర్యాక్ మన దుమ్ముకు నేను సిఫారసు చేయను. కప్పు కింద ఇసుక రేణువు పడితే పట్టు మెల్లమెల్లగా వదులుతుంది, డ్రైవ్ చేస్తూ దాన్ని గమనించలేరు. వెల్డింగ్ షాపులో యాంగిల్‌తో బంపర్ వెనక స్టాండు చేయించుకోవడం అసలే వద్దు. చిన్న కార్ల వెనక అంత బరువు పట్టే ఫ్రేమ్ ఉండదు, గుద్దినప్పుడు మడతపడాల్సిన భాగం నేరుగా లోపలికి పొడుచుకొస్తుంది, బండి మార్పుల మీద సెక్షన్ 52తో కూడా పేచీ.

దోస్తు సైకిల్ పైకడ్డీ కిందికి వంగిన మోడల్ అయితే వెనక ర్యాక్ చేతుల మీద అది నిలవదు. సీటు గొట్టానికీ హ్యాండిల్ మెడకూ మధ్య పెట్టే అడ్డ కడ్డీ విడిగా దొరుకుతుంది, అది కావాలి. కార్బన్ ఫ్రేమ్ అయితే ర్యాచెట్ బెల్టుతో (పళ్ల గడియతో లాగి బిగించేది) బిగించవద్దు, ఎంత నొక్కుతున్నామో చేతికి తెలియదు, గొట్టం పగులుతుంది. 20 కిలోల పాత నల్ల సైకిల్ అయితే ర్యాక్ మీద రెండోది పెట్టకండి.

కొనేటప్పుడు ఫొటో చూసి ఆర్డర్ పెట్టకుండా కారు, రెండు సైకిళ్లు తీసుకుని దుకాణానికి పోండి. డబ్బులు కట్టకముందే తగిలించి, కొక్కేలు ఎక్కడ పడుతున్నాయో, ప్లేటు కనపడుతుందో చూసి, చుట్టుపక్కల ఒక స్పీడ్ బ్రేకర్ దాటించి రండి. అట్లా చూడనివ్వకపోతే ఇంకో దుకాణం చూసుకోండి. ఆన్‌లైన్‌లోనే కొనాల్సి వస్తే ఆ ర్యాక్ కంపెనీ జాబితాలో మీ కారు పేరు, తయారైన సంవత్సరంతో సహా ఉండాలి. 2022లో వచ్చిన కొత్త కె10 డిక్కీ తలుపు పాతదాని ఆకారంలో లేదు, పాత కె10కు పట్టిన కొక్కెం దీనికి పడుతుందని అనుకోవద్దు.